ఏ చేత్తో కర్ర పట్టుకుంటారు?

డిశ్చార్జి రోజున నాకిచ్చిన కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది. తెలుగులోనే అచ్చేశారు, మంచి ఉద్దేశంతోనే. మొత్తం పది సూచనలు. నాలుగోది: "ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువులు ఎత్తరాదు, ఆ చేతిపై భారం వేయరాదు." ఏడోది: "ప్రతిరోజూ కనీసం 30 నిమిషాలు నడవవలెను." మామూలు మనిషికి ఇవి రెండూ వేర్వేరు సంగతులు. నాకు ఒకటి పాటిస్తే రెండోది తప్పినట్టే. ఏడాదిన్నర వయసులో నా ఎడమ కాలికి పోలియో వచ్చింది. ఆ కాలికి తొడ నుంచి మడమ దాకా క్యాలిపర్ (కాలు మడత పడకుండా నిలబెట్టే ఇనప చట్రం), కుడి చంక కింద కర్ర. క్యాన్సర్ వచ్చింది కుడి రొమ్ముకి. నడిస్తే భారం ఆ చేతి మీదే పడుతుంది. చేతి మీద భారం పడకూడదంటే నాకిక నడక లేదు.

ఈ సంగతి నాకు తెలిసింది ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే. పక్కలోంచి గొట్టం, దాని చివర డ్రెయిన్ సీసా. గోడకి ఆనించి ఉన్న కర్ర చూపించి, "సిస్టర్, బాత్రూముకి వెళ్ళాలి, అదిలా అందుకోండి" అన్నాను.

"అమ్మో, ఆ చెయ్యి మీద బరువు వెయ్యకూడదమ్మా."

"మరెలా వెళ్ళను?"

"మీవాళ్ళెవరినైనా పట్టుకుని వెళ్ళండి."

తోడున్నది మా వదిన. మనిషి నాకన్నా బక్కపలచన. ఆవిడని పట్టుకుంటే ఇద్దరం కలిసి పడతాం. ఆఖరికి బెడ్‌పాన్ తెచ్చారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఒకళ్ళ చెయ్యి పట్టుకోకుండా బతికినదాన్ని, దొడ్లో చలికాలం తెల్లారుజామున బురదలో కూడా కర్ర పాతుకుంటూ వెళ్ళొచ్చినదాన్ని, కప్పు కింద తళతళలాడే టైల్స్ గదిలో మంచం దిగలేకపోయాను. ఆ రోజు ఏడ్చాను. రొమ్ము పోయినందుకు కాదు.

డాక్టరుగారికి తెలియదని అనలేను. అంతకు మూడు వారాల ముందు ఆయన గదిలోకి నేను టక్కుటక్కుమంటూ ఈ కర్ర వేసుకునే వెళ్ళాను. చూశారు. "కూర్చోండమ్మా" అని కుర్చీ కూడా జరిపారు. కానీ ఈ కర్ర ఏ చేతిది, ఆ చెయ్యి పనిచెయ్యకపోతే ఈవిడ ఏం చేస్తుంది అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. నాకూ తట్టలేదు. క్యాన్సర్ అనే మాట విన్నాక బుర్రలో ఇంక దేనికీ చోటుండదు.

2018 నుంచీ నా మనసులో నానుతున్న మాట ఇది. ముందే ఏదో ఒక వైకల్యం ఉన్న మనిషికి క్యాన్సర్ తర్వాతి ఆరోగ్యం గురించి చెప్పదలుచుకుంటే, ఆ ఒంట్లో ఏ భాగం ఏ పని చేస్తోందో ముందు అడగాలి. పుస్తకంలో చెయ్యి చెయ్యే, కాలు కాలే. నా విషయంలో కుడి చెయ్యి నా రెండో కాలు. బ్రెయిలీ చదివే మాస్టారికి వేలి కొసలే కళ్ళు. ఇది తెలుసుకోకుండా ఇచ్చే సలహా ఎంత శాస్త్రీయమైనదైనా అది వేరే ఎవరికో ఇచ్చిన సలహా.

రొమ్ము మొత్తం ఎందుకు తీశారో కూడా చెప్పాలి. గడ్డ ఒక్కటే తీసి రొమ్ము ఉంచవచ్చు, అలా చేస్తే తర్వాత 5 వారాలు రోజూ కరెంటు పెట్టించుకోవాలి అన్నారు. (రేడియేషన్‌ని మా వైపు రోగులందరూ కరెంటనే అంటారు. నాకూ ఆ మాటే బాగుంది.) "మీరు రోజూ తిరగలేరు కదమ్మా, ఈ కాలుతో. మొత్తం తీసేస్తే గొడవ ఉండదు" అన్నారు. జాలితోనే అన్నారు. నేను రోజూ 14 కిలోమీటర్లు స్కూలుకి పోయి వస్తున్న మనిషినని, సైడు చక్రాల స్కూటీ నేనే నడుపుతానని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. పెద్దాయన అంత దయగా మాట్లాడుతుంటే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. తీరా చంకలో 16 బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) తీసి పరీక్షకి పంపితే ఐదింటిలో జబ్బు కనిపించింది. కాబట్టి కరెంటు తప్పలేదు. 25 రోజులు తెనాలి నుంచి గుంటూరు వెళ్ళొచ్చాను. ఒక్క రోజు కూడా మానలేదు.

ఇది నా ఒక్కదాని కథే అనుకునేదాన్ని. 2006లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళలో, అంతకుముందే వైకల్యం ఉండి సర్కారు భృతి తీసుకునేవాళ్ళకి రొమ్ము ఉంచే ఆపరేషన్ తక్కువగా చేస్తున్నారనీ, చేసినా తర్వాత ఇవ్వాల్సిన రేడియేషన్ కొందరికి ఇవ్వడమే లేదనీ, ఆ జబ్బుతో చనిపోవడం కూడా వాళ్ళలో ఎక్కువేననీ తేలింది. ఆ పని చేసినవాళ్ళలో ఒకరు డాక్టర్ లీసా అయెజోని. హార్వర్డ్ ప్రొఫెసరు, తానూ చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. 2021లో ఆవిడ బృందమే 714 మంది డాక్టర్లని ఒక ప్రశ్న అడిగింది. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ళ జీవన నాణ్యత మిగతావాళ్ళకంటే తక్కువని 82.4 శాతం మంది చెప్పారు. ఆ డాక్టర్లు చెడ్డవాళ్ళు కారు. కానీ ఎదుటి మనిషి బతుకు ఎలాగూ అంతంతమాత్రమే అని లోపల నమ్మినవాళ్ళు, ఆ బతుకులో దేన్ని కాపాడాలో వెతుకుతారా?

మన దగ్గర అంత మంది డాక్టర్లని ఎవరూ అడిగి ఉండరు గానీ, మా మేనత్త ఒక్కతే ఆ సర్వే మొత్తానికి సమానం. పరామర్శకి వచ్చి, "ఆ కాలుతో ఇంతకాలం పడ్డావు, మళ్ళీ ఈ ఖర్మ కూడానా తల్లీ, దేవుడు తీసుకుపోయినా బాగుండు" అంది. ఆవిడకి నేనంటే ప్రాణం. నా మొహం చూసి, కాఫీ తాగకుండానే లేచింది.

*

మాలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారని ఇదంతా అంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో పోలియో వచ్చినవాళ్ళ సంగతి వేరేగా చూడాలి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చారు. చాలా సంతోషం. కానీ రెండు చుక్కలు పడకముందు పుట్టినవాళ్ళం ఎక్కడికీ పోలేదు. మాకిప్పుడు 45, 50, 60 ఏళ్ళు. అంటే సరిగ్గా క్యాన్సర్లు పట్టుకునే వయసు. పోలియో పోవడంతో పోలియో గురించి తెలిసిన డాక్టర్లూ తగ్గిపోయారు. కీమో వార్డులో ఒక కుర్ర డాక్టరు నా కాలు చూసి, "ఈ స్ట్రోక్ ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగాడు. చెప్పాక, "పోలియోనా! నేను ఇదే మొదటిసారి చూడటం" అని పక్క కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించాడు. నాకు కోపం రాలేదు. మ్యూజియంలో పెట్టిన వస్తువుకి కోపం రాదు కదా. విశాఖలో పోలియో కాళ్ళకి వేల ఆపరేషన్లు చేసిన ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు మా పాత క్యాలిపర్ బ్యాచి అంతా వాట్సాప్‌లో చప్పట్లు కొట్టుకున్నాం. ఆ తరం డాక్టర్లు నడక చూసి ఏ కండరం పోయిందో చెప్పేవారు.

తెలియకపోతే ఏమవుతుందో నా పాదం చెబుతుంది. పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలని కదిలించే నరకణాలని చంపుతుంది. స్పర్శ జోలికి పోదు. అంచేత నా ఎడమ కాలు కదలదు గానీ చీమ కుట్టినా తెలుస్తుంది. క్యాలిపర్ వేసుకునేవాళ్ళకి ఆ తెలియడమే రక్ష. బూటు ఎక్కడ ఒరుసుకుంటోందో, పట్టీ ఎక్కడ కోసుకుంటోందో చర్మమే చెబుతుంది. కీమోలో రెండో రకం మందు, పాక్లిటాక్సెల్, మొదలుపెట్టాక అరికాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి. దూదిలో కాలు పెట్టినట్టు. ఇది ఆ మందుకి మామూలే, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది అన్నారు. నిజమే. కానీ ఆ కొన్ని నెలల్లో ఒక రోజు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బూటు విప్పితే తెల్ల మేజోడు మడమ దగ్గర ఎర్రగా, గట్టిగా అట్టకట్టి ఉంది. పొద్దున్నుంచీ బూటు లోపల ఒక రివెట్టు గీరుతూనే ఉంది. నాకు తెలియలేదు. ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. అప్పటికి తెల్ల రక్తకణాలు అడుగంటి ఉన్నాయి. ఏడు వారాలూ క్యాలిపర్ లేదు, నడక లేదు.

షుగరు వాళ్ళకి చెబుతారే, రాత్రి పడుకునే ముందు అరికాలు అద్దంలో చూసుకోమని? ఆ ఒక్క ముక్క నాకూ చెప్పి ఉంటే సరిపోయేది. అద్దం ఖరీదు 40 రూపాయలు.

బరువు తూచడం దగ్గర రోజూ తిరనాళ్ళే. కీమో మోతాదు ఎత్తు, బరువు చూసి లెక్కగడతారు. బరువు మిషను ఒక చిన్న పీట. "కర్ర పక్కన పెట్టి ఎక్కండి మేడం" అంటారు. కర్ర పక్కన పెడితే నేను పక్కన పడతాను. కర్రతో ఎక్కితే కర్ర బరువు, క్యాలిపర్ విప్పితే నిలబడలేను, విప్పకపోతే ఇనుమూ బూటూ కలిపి రెండు కిలోల పైమాటే. ఎత్తు ఏ కాలి మీద కొలవాలి? రెండు కాళ్ళకీ రెండంగుళాల తేడా. మోతాదులో పెద్ద తేడా రాదులెండి అన్నారు డాక్టరు, లెక్క వేసి చూపించారు కూడా. తర్వాత నేనే ఇంటి దగ్గర ధాన్యం కాటా మీద కుర్చీ వేసుకుని కూర్చుని తూయించుకుని, కుర్చీ బరువు తీసేసి, చీటీ రాసుకుని వెళ్ళేదాన్ని. ఆ చీటీ చూసి ఆసుపత్రిలో అందరూ నవ్వారు. కానీ ఆ అంకే వేసుకున్నారు.

*

ఇప్పుడు ఏడో సూచన దగ్గరికి వస్తాను. నడవమని చెప్పడం తప్పు కాదు. ఒకప్పుడు క్యాన్సర్ రోగిని కదలకుండా పడుకోమనేవారు. ఇప్పుడు కదలమంటున్నారు, దానికి గట్టి ఆధారాలున్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మందితో ఒక పరిశోధన జరిగి 2025లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి ఆరోగ్య పుస్తకాలిచ్చి వదిలేశారు. మిగతా సగం మంది చేత మూడేళ్ళపాటు ఒక మనిషిని పెట్టి, వెంటపడి వ్యాయామం చేయించారు. ఐదేళ్ళు గడిచేసరికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు పుస్తకాల జట్టులో 73.9 శాతం, వ్యాయామం జట్టులో 80.3 శాతం. ఈ తేడా ఒక మందు వల్ల వచ్చి ఉంటే ఆ మందుకి ఎంత ధర పెట్టేవారో.

సరే, వ్యాయామం మందే అనుకుందాం. అలాంటప్పుడు మింగలేనివాడికి బిళ్ళ బదులు సిరప్పు ఇచ్చినట్టు, నడవలేనివాళ్ళకి ఆ మందుని మరో రూపంలో ఇవ్వాలి కదా? "మీరు చెయ్యగలిగినంత చెయ్యండమ్మా" అని వదిలేస్తే అది మోతాదు రాయని చీటీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో మొదటిసారిగా వికలాంగులకు వేరేగా సూచనలు చేర్చింది, క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకీ చేర్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు అంటుంది. కానీ రెండూ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు ఒకదాని నియమం ఇంకోదాని కాళ్ళకి అడ్డం పడుతుంది. ఆ చిక్కు విప్పాల్సింది మన ఊళ్ళో మనకెదురుగా కూర్చున్న మనిషే.

నా చిక్కు ఒక్క కర్రతో పోయేది కాదు. పోలియో వచ్చినవాళ్ళకి దశాబ్దాల తర్వాత మళ్ళీ కొత్తగా నీరసం, కండరాల బలహీనత రావచ్చు. మిగిలిన కొద్దిపాటి నరకణాలు అన్నేళ్ళూ రెట్టింపు చాకిరీ చేసి అలిసిపోతాయి. అలాంటి కండరాన్ని ఒళ్ళు తెలియకుండా అరగదీస్తే బలం రాదు, ఉన్నది పోతుంది. క్యాన్సర్ నీరసానికి చెప్పేది "ఓపిక లేకపోయినా కొంచెం కదలండి, కదిలితేనే ఓపిక వస్తుంది" అని. పోలియో నీరసానికి చెప్పేది "ఓపిక అయిపోకముందే ఆగండి" అని. నాకు పొద్దున్న లేవగానే వచ్చే నీరసం ఈ రెండింటిలో ఏదో ఎవరు చెబుతారు?

చెప్పిన పిల్ల ఒకతి దొరికింది. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకి, చెయ్యి అప్పటికే వాచి గాజులు పగలగొట్టి తీయించుకున్నాక. చంకలో బిళ్ళలు తీసేస్తే ఆ దారిన పోవాల్సిన నీరు చేతిలో నిలిచిపోతుంది, దాన్నే లింఫెడిమా అంటారు. నిలిచిన నీటికి తోడు ఆ చంకలోనే చెక్క కర్ర నొక్కుడు. ఆ ఫిజియోథెరపిస్టుకి 26 ఏళ్ళుంటాయేమో. నేను గదిలోకి వచ్చి కూర్చునేదాకా ఏమీ మాట్లాడకుండా చూసి, మొట్టమొదట అడిగిన మాట: "మేడం, ఎప్పుడూ ఈ చేత్తోనే కర్ర పట్టుకుంటారా? ఇంట్లో కూడానా? మెట్లెక్కేటప్పుడు?" ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ పిల్ల కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చింది.

తర్వాత చేసినవన్నీ చిన్న పనులే. చంకకర్ర మాన్పించి మోచేతి దగ్గర పట్టు ఉండే కర్రలు రెండు ఇప్పించింది. చంక మీద నొక్కుడు తప్పింది, భారం రెండు చేతులకీ పంచుకుంది. 40 ఏళ్ళ అలవాటు మార్చుకోవడం మాటలా? నెల రోజులు లేగదూడలా తూలాను. చేతికి బిగుతు తొడుగు పగలంతా వెయ్యమంది, ఆర్నెల్లకోసారి మార్చమంది. ఇంక బరువులు. నేను నాలుగో సూచన చూపించాను. నవ్వి, అది పాత మాట అంది. 2009లో అమెరికాలో చేతివాపు ఉన్న 141 మంది ఆడవాళ్ళమీద పరీక్షించి చూశారట. సగం మంది చేత వారానికి రెండుసార్లు, ఏడాదిపాటు, తొడుగు వేయించి, మెల్లమెల్లగా పెంచుకుంటూ బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, అప్పుడప్పుడూ వాపు ముదిరి డాక్టరు దగ్గరికి పరిగెత్తడం వాళ్ళలో తగ్గింది, బలం పెరిగింది. "మీరు ఎలాగూ ఆ చెయ్యి వాడకుండా ఉండలేరు. వాడకం ఆపడం కాదు మేడం, ఆ వాడకానికి తగ్గ బలం తెప్పించాలి" అంది.

డంబెల్స్ కొనక్కర్లేదంది. వంటింట్లోంచి అరకిలో కందిపప్పు పాకెట్టు తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని, పదిసార్లు. రెండు వారాలు వాపు గీత దాటకపోతే మరో రెండుసార్లు. టేపు పెట్టి మణికట్టు పైన ఒకచోట, మోచేతి కింద ఒకచోట, పైన ఒకచోట కొలిచి క్యాలెండరు మీద రాసేదాన్ని. ఆర్నెల్లకి కిలో పాకెట్టుకి వచ్చాను. అరగంట నడకని ముక్కలు చేసింది: ఐదు నిమిషాలు నడక, పది నిమిషాలు విశ్రాంతి, రోజులో ఎన్ని కుదిరితే అన్ని. మర్నాడు పొద్దున్నకల్లా అలసట తీరకపోతే ముందురోజు ఎక్కువ చేసినట్టు లెక్క. స్కూల్లో ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య నడకలు కూడా కట్టి చూసుకుంటే, చిత్రం, 150 నిమిషాలు వారంలో వచ్చేశాయి.

*

మా పెన్షనర్ల సంఘంలో ఒక సంగీతం మాస్టారున్నారు, పుట్టుకతోనే చూపు లేదు. ఆయనకి పెద్దపేగు క్యాన్సర్. ఆ జబ్బుకి ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ కూడా వేళ్ళకి తిమ్మిరి తెస్తుంది. ప్రతిసారీ డాక్టరు అడిగేవారట, "చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?" అని. మంచి ప్రశ్న, తిమ్మిరి ఎంత ముదిరిందో దాంతో కొలుస్తారు. మాస్టారు గుండీలు పెట్టుకోగలిగేవారు. అదే చెప్పారు. మందు పూర్తి మోతాదులో నడిచింది. బ్రెయిలీ చుక్కలు వేలికి తెలియడం మానేశాయని ఆయన చెప్పలేదు, ఆయన్ని అడగలేదు. గుండీ అరంగుళం ఉంటుంది. బ్రెయిలీ చుక్క ఆవగింజంత. తెలిసి ఉంటే మోతాదు తగ్గించడమో, విరామం ఇవ్వడమో, కనీసం "మాస్టారూ, ప్రాణమా చదువా, మీరేమంటారు?" అని అడగడమో జరిగేది. ఇప్పుడాయన ఫోనులో వింటున్నారు. స్వరాలు రాసుకున్న కట్టలు మాత్రం అలమార్లో ఉన్నాయి.

సిస్‌ప్లాటిన్ వినికిడి తగ్గిస్తుంది. మిషను పెట్టుకుని ఆ మిగిలిన కాస్త వినికిడితో నెట్టుకొస్తున్నవాళ్ళకి అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కి కింద భాగంలో కరెంటు పెడితే చర్మం మాడుతుంది. రోజంతా చక్రాల కుర్చీలో కూర్చునే ఆడమనిషికి ఆ చర్మమే ఆసరా.

ఇంక ఎముకలు. నెలసరి ఆగిపోయాక నాకు టామాక్సిఫెన్ మార్చి లెట్రోజోల్ ఇచ్చారు (రెండూ జబ్బు తిరగబెట్టకుండా మింగే హార్మోను మందులు). లెట్రోజోల్ ఎముకల్ని గుల్లచేస్తుంది కాబట్టి ఎముకల పరీక్ష చేయించమన్నారు. ఒక తుంటికే స్కాన్ తీసి పంపబోతే రెండింటికీ తియ్యమని పట్టుబట్టాను. పోలియో కాలు ఎముక చిన్నప్పట్నుంచీ సరిగ్గా బరువు మొయ్యక పలచగానే ఉంటుంది. రెండు అంకెలకీ పొంతనే లేదు. పడటం నాకు వారానికోసారి ఉన్న పనే, పడ్డాక ఎలా లేవాలో ఐదేళ్ళకే నేర్చుకున్నాను. లెట్రోజోల్ మొదలయ్యాక మటుకు బాత్రూములో రబ్బరు చాప వేయించాను, కర్రల అడుగు రబ్బర్లు మూణ్ణెల్లకోసారి మారుస్తాను. 30 రూపాయల రబ్బరు అరిగిపోతే ఏ కాల్షియం బిళ్ళా కాపాడదు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్లో ఉంది: ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే కాదు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా అన్ని చోట్లకీ అడ్డంకుల్లేకుండా వెళ్ళగలగాలి, వైద్యంలో మాకు ప్రాధాన్యం ఇవ్వాలి. చాలా ఆసుపత్రులు ముందు గుమ్మానికి ఒక ర్యాంపు పోసి చేతులు దులుపుకుంటాయి. ర్యాంపెక్కి లోపలికెళితే పరీక్ష బల్ల నడుమెత్తు ఉంటుంది. ఆ చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. అందులో క్యాన్సర్ లేదు, క్యాన్సర్ మిగిల్చిన చెయ్యి వాపూ లేదు. నా సదరం సర్టిఫికెట్లో కాలు మాత్రమే ఉంది. రైల్వేలో వికలాంగుల రాయితీ ఉంది, క్యాన్సర్ రోగుల రాయితీ ఉంది, కానీ ఒక టికెట్టు మీద ఒక్కటే ఇస్తారు. ఆంధ్రలో వికలాంగుల పింఛను నెలకి 6,000, తెలంగాణలో 4,016. బస్సెక్కలేని మనిషి ఆసుపత్రికి ప్రతిసారీ ఆటో మాట్లాడుకుని పోవాలి. ఆరోగ్యశ్రీ పుణ్యాన కీమోకి డబ్బు కట్టక్కర్లేకపోయినా, అందులో ఎంత మిగులుతుంది? దివ్యాంగులు అని పిలవడం ఇంకా ఖర్చులేని పని. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది, వికలాంగురాలనే అనండి, బల్ల మాత్రం కిందికి దించండి.

నా మాట చదివి డాక్టర్లైన నా పాత శిష్యులు ఏమంటారో తెలుసు. "టీచర్, ఓపీలో ఒక్కో మనిషికి నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప. ప్రాణం నిలబెట్టడమే సరిపోతోంది, ఇవన్నీ ఎప్పుడు అడగాలి?" కాదనను. ఆ గుంపు నేనూ చూశాను, వరండాలో చాపలేసుకుని పడుకున్నవాళ్ళని దాటుకుంటూ వెళ్ళాను. కానీ లెక్క చూడండి. ఒక్క ప్రశ్న ముందు అడగనందుకు నా మడమ పుండుకి డ్రెస్సింగులు ఏడు వారాలు, చెయ్యి వాపుకి ఎనిమిది నెలలు ఎన్ని ఓపీ చీటీలు! ఆ నిమిషాలన్నీ ఆసుపత్రివే. డాక్టరే అడగాలని కూడా నేననను. షుగరుందా, బీపీ ఉందా అని కేసు షీటు నింపే చోట ఇంకొక్క గడి పెట్టండి: "కదలడానికి, చదవడానికి, వినడానికి, మాట్లాడటానికి దేని సాయం తీసుకుంటారు? ఏ వైపు?" ఆపరేషన్‌కి వారం ముందే ఫిజియో దగ్గరికి పంపండి. నాకు ఆ మోచేతి కర్రలు ముందే ఇచ్చి ఎడమ చేతికి అలవాటు చేసి ఉంటే బెడ్‌పాన్ ఉండేది కాదు.

తప్పు మాలోనూ ఉంది. మాకు చిన్నప్పట్నుంచీ ఒక జబ్బు: ఎవరికీ బరువు కాకూడదని. అడిగితే "పర్లేదండి" అంటాం. నేను డాక్టరుగారి ముందు నోరు మూసుకున్నది అందుకే. ఇప్పుడు నా ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకున్నాను: ఎడమ కాలు పోలియో, నిలబడలేను. కర్రలు రెండు చేతులా, నా నుంచి దూరంగా పెట్టవద్దు. బీపీ, సూది ఎడమ చేతికే. అరికాళ్ళ స్పర్శ తక్కువ.

ఏడాదికోసారి రెండో రొమ్ముకి మమ్మోగ్రామ్ తీయించుకోవాలి. ఆ మిషను ముందు నిలబడి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టాలి. మొదటి రెండేళ్ళూ ఇద్దరు అటెండర్లు నన్ను చెరోవైపూ పట్టుకుంటే ఫిల్ము కదిలిపోయి మళ్ళీ మళ్ళీ తీశారు. మిషను కిందికి దిగుతుంది, నేను కూర్చుంటే సరిపోతుంది, కానీ అక్కడున్న కుర్చీలకి చేతులుంటాయి, అవి అడ్డం. మూడో ఏడు మా స్కూలు సైన్సు ల్యాబులో తిప్పితే పైకీ కిందికీ వెళ్ళే ఇనప స్టూలు ఆటోలో వేసుకుని వెళ్ళాను. ఒక్కసారికే వచ్చింది. టెక్నీషియన్ అమ్మాయి ఆ స్టూలుని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, నిన్న ఒకావిడ చక్రాల కుర్చీలో వస్తే తియ్యలేక పంపేశాం. దీన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళకూడదూ?" అంది.

స్టాకు రిజిస్టర్లో ఉందమ్మా, హెడ్మాస్టరు ఊరుకోడు అన్నాను. కొట్టు ఎక్కడుందో, ఎంతకి దొరుకుతుందో కాగితం మీద రాసిచ్చాను.